మా పిచ్చయ్య మామకు రాయి నిలిపిన వైనం

బతికున్న మా మేనమామను నేను ఒకసారి చంపాను. కంగారు పడకండి, కత్తితో కాదు, ఉలితో. పగా కోపమూ ఏమీ లేకుండా, ఊరి పెద్దల అనుమతితో, మాచర్ల చెరువు ఒడ్డున పార్కులో పట్టపగలు చంపాను. ఆ తరువాత ఆయన్ను బతికించడానికి నేను చేసిన పని అంతకంటే ఘోరంగా తిరగబడింది. ఆ సంగతంతా ఇప్పుడు చెబుతాను. మిట్టమధ్యాహ్నం ఒంటరిగా కూర్చుని చదువుకునే అలవాటున్నవాళ్ళు మాత్రం పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకోండి.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులన్నీ బొగ్గు తిని పొగ కక్కుతున్న కాలం. నేను మద్రాసులో శిల్పం చదువుకుని అప్పుడే మాచర్లలో దిగాను. చదువుకుని అన్నాను గానీ, మద్రాసు నుంచి నేను తెచ్చుకున్నది మెడ దాకా పెరిగిన జుట్టూ, మోకాళ్ళు దాటిన లాల్చీ, ఏ మాటకైనా ముందు కాసేపు కళ్ళు మూసుకునే అలవాటూ మాత్రమే. రాయి చెక్కడం నాకు అంతకు ముందే వచ్చు. మా ఇంటిల్లపాదీ రాతిపనివాళ్ళే.

అమ్మా నాన్నా నా చిన్నతనంలోనే పోతే నన్ను పెంచి, మద్రాసు పంపించింది మా మేనమామ పిచ్చయ్య. క్వారీల్లో నాపరాళ్ళు తీయించి బండ్లకెత్తించే మేస్త్రీ ఆయన. ఆయన వీధిలోకి రాకముందే ఆయన మీసం వచ్చేది. మీసం వెనక ఒక లంక పొగాకు చుట్ట, ఆ పైన రెప్పవేయని రెండు కళ్ళు. చిన్నప్పుడు ఏదైనా వెధవపని చేసి ఇంటికి వస్తే ఆయన గుమ్మంలో నిలబడి చూసేవాడు. అంతే, ఒక్క మాట అనేవాడు కాదు. ఆ చూపుకు నేను చేయని తప్పులు కూడా ఒప్పేసుకునేవాణ్ణి.

నేను తిరిగి వచ్చేసరికి ఊరి పెద్దలు చెరువు ఒడ్డున పార్కు కట్టించే పనిలో ఉన్నారు. ఎవరో పట్నంలో చూసొచ్చి చెప్పారట. సిమెంటు బెంచీలు వేశారు, కనకాంబరాలు నాటారు, ఒక మూల పెంకుల కొట్టం కట్టి దానికి ‘మ్యూజియం’ అని బోర్డు కొట్టారు. చుట్టుపక్కల పొలాల్లో దున్నుతుంటే బయటపడ్డ పాత రాళ్ళన్నీ తెచ్చి అందులో నిలబెట్టారు. కత్తి పట్టిన వీరులు, గుర్రమెక్కిన వీరులు, పడగ విప్పిన నాగులు, తల లేని బుద్ధుడొకడు. అందరూ గోడ వెంట వరసగా నిలబడి తలుపులోంచి బయటికి చూస్తూ ఉండేవారు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా పల్నాడులో మనిషి రూపం చెక్కి నిలిపిన రాయంటే అర్థం ఒకటే. ఆ మనిషి పోయాడని. పోరులో పోయి ఉంటే చేతిలో కత్తి పెడతారు. అతని వాళ్ళు వచ్చి రాయికి పసుపు పూసి, కొబ్బరికాయ కొట్టి, అతను బతికుండగా ఇష్టపడింది ఏదో ముందు పెట్టిపోతారు. అంతేగానీ ముక్కు ఎంత బాగుంది, మెడ వంపు ఎంత బాగుంది అని తల పక్కకు వంచి చూసే అలవాటు మాకు లేదు. అందుకే ఆ మ్యూజియంలోకి ఊళ్ళోవాళ్ళెవరూ అడుగుపెట్టలేదు. దాని ముందు నుంచి పోయే ఆడవాళ్ళు కొంగు తల మీదికి లాక్కుని నడిచేవారు.

ఇదంతా నాకు తెలియదా అంటే తెలుసు. పుట్టి పెరిగింది అక్కడే కదా. కానీ మద్రాసులో చదివి వచ్చినవాడికి తెలిసిన సంగతులు కూడా తెలియనట్టుండటం ఒక హోదా. అదంతా పాతకాలపు భయమని ఒక్క మాటలో తేల్చేశాను.

పార్కు కమిటీకి పెద్ద శేషయ్య గారు. ఒకరోజు నన్ను పిలిపించాడు.

“నరసింహం, చెరువుకు ఎదురుగా ఒక వీరుడి విగ్రహం నిలపాల. నిలువెత్తుది. తలపాగా, కత్తి, మీసం, అన్నీ ఉండాల. చూస్తే పిల్లోళ్ళు ఏడవాల.”

“ఏ వీరుడిదండీ?” అన్నాను, కాసేపు కళ్ళు మూసుకుని.

“ఎవడైతే ఏంది. మన పల్నాడులో వీరులకు కరువా. గుంటూరు నించి పెద్ద ఆఫీసరు వచ్చి ముసుగు తీస్తాడు. ఆయనొచ్చేలోపల కానీయ్.”

విగ్రహానికి ఒళ్ళు త్వరగానే వచ్చింది. ముఖమే రాలేదు. బంకమట్టితో ఎన్ని ముఖాలు చేసి చూశానో లెక్కలేదు. ఒకటి బడిపంతులులా వచ్చింది, ఒకటి జ్వరమొచ్చి లేచినవాడిలా వచ్చింది, ఇంకొకటి శేషయ్య గారిలా వచ్చింది గానీ ఆయన్ను చూసి ఎవరూ ఏడవరు. పిల్లలు చూసి ఏడ్చే ముఖం నా బతుకులో నేను చూసింది ఒక్కటే. ఆ ముఖం అప్పుడు ఊళ్ళో లేదు. మామ దాచేపల్లి దగ్గర ఏదో క్వారీ పని మీద పోయి చాలా రోజులయింది.

ఒక మధ్యాహ్నం రాయి ముందు కూర్చుని కళ్ళు మూసుకున్నాను. ఈసారి హోదా కోసం కాదు, దిక్కుతోచక. గుమ్మంలో నిలబడ్డ మామ కనిపించాడు. ఆ తరువాత నా చేతులు నన్ను అడగకుండానే పనిలోకి దిగాయి. ఉలి ఎక్కడ పెట్టాలో, ఎంత కొట్టాలో అవే చూసుకున్నాయి. పొద్దు వాలి, చెమట తుడుచుకుని వెనక్కి జరిగి చూస్తే ఎదురుగా మామ కత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎడమ చెవి పక్కన పులిపిరితో సహా. నేను పెడదామనుకోలేదు, అదీ వచ్చేసింది. వెన్నులో సన్నగా చలి పుట్టింది. ఏప్రిల్ నెలలో, మాచర్లలో, చలి.

ఆ చలిని నేను గొప్ప కళ అనుకున్నాను. చూశారా నా తెలివి.

విగ్రహాన్ని దిమ్మె మీదికెక్కించి ముసుగు కప్పారు. ఆఫీసరు రాక వాయిదా పడింది. ఈలోపు వేసవి గాడ్పు ఒకటి వచ్చి ముసుగు ఎగరేసుకుపోయి చెరువులో పడేసింది. గుడ్డకు కూడా కంట్రోలు ఉన్న రోజులు, వెంటనే ఇంకొకటి ఎవరిస్తారు. అలా మా మామ బట్టబయలుగా చెరువు వైపు చూస్తూ నిలబడిపోయాడు. నీళ్ళలో ఆయన నీడ పడేది. అల కదిలినప్పుడల్లా నీళ్ళలోని మీసం కూడా కదిలేది.

ఆ మర్నాడే పార్కు కావలివాడు మస్తాను వచ్చి మా గుమ్మం బయట నిలబడ్డాడు.

“అబ్బాయ్, నీ బొమ్మ కాళ్ళకు పసుపు పూశారు.”

“ఎవరు?”

“నేను గేటు కాడే ఉన్నా. ఎవరూ రాలా.”

“మరి పసుపు ఎట్లా వచ్చింది మస్తానూ?”

“అదే నీకు చెబుదామని వచ్చా” అని వెళ్ళిపోయాడు.

ఇట్లాంటివాటికి జడిసేవాణ్ణి కాదు కనుక వెంటనే బయల్దేరాను. అప్పుడే పొద్దు నడినెత్తికి వచ్చింది. మా వైపు ఎండాకాలంలో ఆ వేళ ఊరు ఊరంతా తలుపులు బిగించుకుంటుంది. ఎక్కడా కుక్క కూడా లేదు. చెరువు మీద గాలి లేదు, నీళ్ళు కదలడం లేదు. దూరం నుంచి చూస్తే ఎండ మంటకు విగ్రహం ఒళ్ళు సన్నగా వణుకుతున్నట్టుంది. దగ్గరికి పోయాను. కాళ్ళకు పసుపు ఇంకా తడిగా ఉంది. దాని ముందు రాతి మీద ఒక చుట్ట ఉంది. వెలిగించిన చుట్ట. పొగ ఎటూ వంగకుండా నిట్టనిలువుగా పైకి, ఆ రాతి మీసం దాకా పోతోంది.

ఆ వాసన నాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ మా ఇంటి దూలాలకు పట్టిన వాసన అది.

చుట్టూ చూశాను. ఎవరూ లేరు. మ్యూజియం తలుపు తెరిచి ఉంది, లోపలి రాతి మనుషులందరూ నా వైపే చూస్తున్నారు. “మామా” అన్నాను, ఎందుకన్నానో తెలియదు. దిమ్మె వెనక నుంచి ఎవరో దగ్గారు. ఆ తరువాత నేను ఇంట్లో ఉన్నాను. మధ్యలో దారి ఉన్నట్టు గుర్తులేదు. ఒక చెప్పు మాత్రం ఈనాటికీ దొరకలేదు.

ఆ దగ్గినదెవరో సాయంత్రానికి తెలిసింది. మా వీధి చివర కోటమ్మవ్వ మా అత్త దగ్గరికి వచ్చి అరుగు మీద చతికిలబడింది. చెరువు వైపు కంచెలో సందు చూసుకుని వచ్చి, పసుపు పూసి, చుట్ట వెలిగించి పెట్టి, దిమ్మె నీడలో కూర్చున్నది ఈ అవ్వే. అత్త రావమ్మ అప్పుడు చేటలో బియ్యం చెరుగుతోంది.

“రావమ్మా, ఒక్క కబురన్నా చెప్పకపోతివే” అంది అవ్వ కళ్ళొత్తుకుంటూ. “దాచేపల్లిలోనే దహనం చేశారా?”

“ఎవరినత్తా?”

“పిచ్చయ్యని.”

అత్త అరవలేదు, ఏడవలేదు. చేట మెల్లిగా కింద పెట్టింది.

“ఆయనకేమయింది?”

“నన్నడుగుతావేందే. రాయి నిలిపారుగా.”

అత్త లేచి చెరువు దాకా పోయి చూసి వచ్చింది. వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

“ఒరేయ్, మీ మామ యాడున్నాడు?”

“దాచేపల్లిలో ఉన్నాడు గదత్తా.”

“మరి చెరువు కాడున్నదెవరు?”

“అది వీరుడి విగ్రహమత్తా. మద్రాసులో మనుషుల్ని చూసే చెక్కుతారు. దాన్ని మోడలంటారు.”

“మద్రాసులో ఏమన్నా అనుకోనీ. చేతిలో కత్తి కూడా పెట్టావు. నా మొగుడు ఎవరితోనో పోట్లాడి పోయాడని ఊరంతా అనుకుంటంది. రెంటచింతలలో మావాళ్ళకు కబురు కూడా పోయిందంట.”

మామకు కబురు పంపాం. కబురు మోసుకుపోతున్న బస్సు బొగ్గు చాలక నడిదారిలో నిలిచిపోయింది. మామ మాత్రం ఎదురు దిక్కునుంచి వచ్చే బస్సెక్కి, ఏమీ తెలియకుండా, సరిగ్గా మళ్ళీ ఆ మిట్టమధ్యాహ్నం వేళకే మాచర్లలో దిగాడు. దిగి అడ్డదారిన చెరువు కట్ట ఎక్కాడు. ఆ తరువాత జరిగింది నాకు మస్తాను చెప్పాడు.

మాలో ఇంకొక పట్టింపు ఉంది. నడిమధ్యాహ్నం ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలకకూడదు. మనుషులైతే మూడోసారి కూడా పిలుస్తారు. కానివాళ్ళు అంత దాకా పిలవరు. మా మామ ఎవర్నైనా ఒక్కసారే పిలిచే మనిషి. ఒక్కసారికే ఊరంతా పలికేది మరి.

కట్ట కింద ఒకావిడ బట్టలు ఉతుకుతోంది. ఆమె మొగుడు మామ దగ్గరే పనిచేస్తాడు. “ఏమే సుబ్బులూ, మీ ఆయన పనిలోకి రావట్లేదేంది?” అన్నాడు మామ. సుబ్బులు తలెత్తి చూసింది. బట్టలు నీళ్ళలోనే వదిలేసి, కొంగు తల మీదికి లాక్కుని, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పోయింది. మామ పార్కు గేటు దగ్గరికి వచ్చి “మస్తానూ” అన్నాడు. మస్తాను కళ్ళు సగం మూసుకుని ఏదో గొణుక్కుంటున్నాడు. పలకలేదు. మామ ఇంకో రెండుసార్లు పిలిచి ఉంటే కథ అక్కడే అయిపోయేది. పిలవలేదు.

అప్పుడు విగ్రహాన్ని చూశాడు. పోయి దాని ఎదురుగా నిలబడ్డాడు. ఒకే మీసం, ఒకే చూపు, ఇద్దరూ రెప్ప వేయడం లేదు. మామ చెమటతో తడిసి ఉన్నాడు. రాయి కూడా తడిసే ఉందని మస్తాను ఒట్టు పెట్టి చెబుతాడు. మామ వంగి, ముందున్న చుట్ట తీసి వాసన చూశాడట. తను కాల్చేదే. దాన్ని మళ్ళీ జాగ్రత్తగా ఎక్కడిదక్కడ పెట్టేసి, ఇంటి దారి పట్టాడు.

ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కోలేదు. మంచం ఎత్తి గోడకు ఆనించి, నేల మీద చాప పరుచుకుని వెల్లకిలా పడుకున్నాడు. మంచం మీంచి దించి నేల మీద ఎప్పుడు పడుకోబెడతారో మీకు తెలుసు.

“మామా, లేచి అన్నం తిను” అన్నాను.

“నాకు పెట్టేది చెరువు కాడ పెడతన్నారుగా.”

“అది నువ్వు కాదు మామా. ఎవరో వీరుడు.”

“ఆ వీరుడికి చెవి పక్కన పులిపిరి ఎట్టా వచ్చిందిరా?”

మామ కాసేపు పైకప్పు వైపు చూశాడు.

“బాగా నేర్చుకున్నావురా. మద్రాసు పంపించినందుకు దండగ కాలా. కానీ రాయి నిలిపినాక మనిషి తిరక్కూడదు. ఊరికి మంచిది కాదు. నీకూ మంచిది కాదు.”

ఆ మాటలో కోపం లేదు. నా ప్రాణం పోయింది అందుకే. ఆయన లేచి నా చెంప పగలగొట్టి ఉంటే ఆనందంగా ఇంకో చెంప చూపించి ఉండేవాణ్ణి. ఆయన ఆ చాప మీద అట్లాగే ఉండిపోయాడు. మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. రోజు రోజుకూ ముఖం నాపరాయి రంగుకు తిరిగింది. పలకరిస్తే వినపడ్డట్టే ఉండేది, కళ్ళు మాత్రం కదిలేవి కాదు. మామ మొండివాడని నాకు తెలుసు. ఒకసారి పడుకున్నాక ఆయన్ను లేపడం ఎవరి తరమూ కాదు. తండ్రి లేని నాకు తండ్రి ఆయన. నా చేతులతోనే ఆయన్ను చంపేస్తున్నానని అప్పుడు తెలిసింది. గొడ్ల చావిట్లోకి పోయి ఎవరూ చూడకుండా ఏడ్చాను.

“ఈయనేమో రాయవతన్నాడు, ఆ రాయేమో మనిషవతంది” అంది అత్త. “ఏదో ఒకటి చేయరా నరసిమ్మా.”

శేషయ్య గారి దగ్గరికి పరుగెత్తాను.

“విగ్రహం తీసేద్దామండీ.”

“ఆఫీసరు వచ్చేది ఖాయమయిందయ్యా. ఉత్త దిమ్మెకు ముసుగు తీయమంటావా?”

“మా మామ చచ్చిపోతాడండీ.”

“అప్పుడు ఎవరికీ పేచీ ఉండదుగా” అన్నాడాయన నిదానంగా. నా ముఖం చూసి మళ్ళీ ఆయనే తగ్గాడు. “పోనీ మొహం మార్చుకో. దిమ్మె మీద ఒక మనిషి మాత్రం ఉండాల.”

తెల్లవారుతుండగా నిచ్చెన వేసుకుని ఎక్కాను. పులిపిరి తీసేశాను. మిగిలింది మీసం. మామను మామగా చేసేది అదే కనుక దాని మీద ఉలి ఆనించాను. మొదటి దెబ్బకు రాతి పెదవి బిగుసుకున్నట్టనిపించింది. నాపరాయి పొరలు పొరలుగా లేస్తుంది కదా, మీసంతో పాటు కింది పొర కూడా లేచిపోయి పై పెదవంతా గుంటలు గుంటలుగా మిగిలింది. నున్నగా చేద్దామని ఎంత తంటాలు పడ్డా నున్నబడలేదు. పొద్దు పొడిచి వెలుతురు పడ్డాక చూస్తే అక్కడ ఇంకెవరో ఉన్నారు. మామ కాదు. మామ కంటే పెద్దవాడు, నెమ్మదైనవాడు, నేను ఎన్నడూ చూడనివాడు. నేను చెక్కాలనుకున్న ముఖం కూడా కాదది. నిచ్చెన దిగేటప్పుడు దానికి వీపు చూపించడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఇంటికి పోతే గుమ్మంలోనే అత్త ఎదురొచ్చింది.

“ఇందాక తెల్లారేటప్పుడు మీ మామ మూతి రుద్దుకున్నాడురా. ఎవరో గీకుతున్నట్టుందన్నాడు. ఇన్నాళ్ళకు నోరు విప్పాడు.”

నా చేతిలో ఉలి ఇంకా ఉంది. చటుక్కున వెనక దాచుకున్నాను.

“మామా, మొహం మార్చేశాను. ఇప్పుడది నువ్వు కాదు. ఒక్కసారి వచ్చి చూడు.”

“చూసి?”

“చూసి అన్నం తిను. నువ్వే ఉన్నావనిపిస్తే మళ్ళీ వచ్చి పడుకో. నేనూ నీ పక్కన చాప వేసుకుని పడుకుంటా.”

ఆ మాటకు నా వైపు తిరిగి చూశాడు. బండి కట్టించి పార్కుకు తీసుకుపోయాం. మామ నా భుజం పట్టుకుని విగ్రహం ముందు నిలబడ్డాడు. నా భుజం మీద ఆయన పట్టు బిగుస్తూ పోయింది.

“ఎవరురా ఇది?”

“ఎవరూ కాదు మామా.”

“నీకెవరు చెప్పారు?”

“ఏంది మామా?”

“మా నాయన పెదవి సంగతి.”

మా తాత గురించి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. నేను ఆయన్ను చూడలేదు. అప్పుడు, ఆ ఎండలో, మామ చెప్పాడు.

“కొండ పేలుస్తుంటే మందు మొహాన ఎగిరింది. పై పెదవంతా కాలి గుంటలు పడింది. ఇంక మీసం మొలవలా. నాకు ఊహ తెలిసేటప్పటికి ఇట్టాగే ఉండేవాడు. పని ఉందని కృష్ణ దాటి నైజాం వైపు పోయాడు. మళ్ళీ రాలా. పోయాడనే కబురూ రాలా. బొమ్మ చేసి దానికి కర్మ చేయండని పెద్దోళ్ళు అన్నారు. మా అమ్మ ఒప్పుకోలా. వస్తాడంది. బొట్టుతోనే పోయింది ఆమె.”

అని, ఆ కాళ్ళ దగ్గర కూలబడి “ఇన్నాళ్ళకు వచ్చావా నాయనా” అన్నాడు. మా మామ ఏడవటం నేను ఎప్పుడూ చూడలేదు. నాకు దుఃఖం ఆగలేదు. మస్తాను కూడా గేటు దగ్గర తల తిప్పుకున్నాడు. కాసేపటికి మామ కండువాతో ముఖం తుడుచుకుని లేచాడు.

“ఆకలేస్తందిరా” అన్నాడు.

ఆ రోజు మా అత్త వండిన గోంగూర, సంగటి మామ తిన్న తీరు చూసి నాకు మళ్ళీ పొగరెక్కింది. చచ్చేవాణ్ణి లేపాను, పోయినవాణ్ణి రప్పించాను, ఇక మద్రాసు వాళ్ళు నా దగ్గరికి వచ్చి నేర్చుకోవాలి అనుకున్నాను. కోటమ్మవ్వ వచ్చి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, “అవును, పిచ్చయ్య తండ్రే” అని తీర్పు చెప్పింది. ఊరు కుదుటపడింది. మామ పిలిస్తే మొదటిసారికే పలకడం మొదలుపెట్టారు. పోయినవాడికి రాయి నిలపడంలో తప్పేముంది.

“బొమ్మ దానంతటదే వచ్చింది గదా, ఇంక నాయనకు కర్మ చేసేస్తా” అన్నాడు మామ.

“చెయ్యి మామా” అన్నాను. తండ్రి కర్మకు కొడుకు ఏమేం చేయాలో ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే మీకు ఈ కథలో సగం తప్పేది.

ఆఫీసరు వచ్చిన రోజున పార్కు కిటకిటలాడింది. బ్యాండు మేళం పెట్టించారు. శేషయ్య గారి ఇంటి దుప్పటి విగ్రహానికి ముసుగయింది. ఉపన్యాసాలు సాగి సాగి సరిగ్గా నడిమధ్యాహ్నానికి చేరాయి. ఆఫీసరు తాడు లాగాడు. దుప్పటి జారింది. చప్పట్లు మోగాయి. అప్పుడే చెరువు మెట్ల మీది నుంచి, స్నానం చేసి, తడిపంచెతో, చేతిలో కొబ్బరికాయతో మా మామ పైకి వచ్చాడు.

తండ్రికి కర్మ చేసినవాడు గుండు చేయించుకుంటాడు. మీసం తీయించుకుంటాడు. గుండు మీద మామ తడి తువ్వాలు తలపాగాగా చుట్టుకున్నాడు. ఆ మీసం వెనక ఏముందో ఊళ్ళో ఎవరూ అప్పటిదాకా చూడలేదు. ఎండ తగలని పెదవి రాయిలా తెల్లగా ఉంది. దానికి తోడు మంగలి కత్తి మొద్దుబారినట్టుంది, పెదవి నిండా గాట్లు. తండ్రి రాయి ముందు కాయ కొడదామని మామ వచ్చి దిమ్మె దగ్గర నిలబడి జనం వైపు తిరిగాడు.

పైన ఒకడు, కింద ఒకడు. అదే తలపాగా, అదే పెదవి, అదే చూపు. తండ్రి పోలిక అంత గట్టిగా ఉంటుందని మా మామకే తెలియదు, ఇక ఊరికేం తెలుసు. బ్యాండులో క్లారినెట్టు ఒకటి కీచుమని ఆగిపోయింది. చప్పట్లు కొట్టే చేతులు గాలిలోనే నిలిచిపోయాయి. చెరువు మీద ఒక్క అల లేదు.

ఆఫీసరు పైకి చూశాడు, కిందికి చూశాడు, నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుని ఊపాడు.

“ఎంత బాగా దించావయ్యా! మోడలును కూడా పక్కన నిలబెట్టావు చూడు, అది మంచి పని.”

కోటమ్మవ్వ మెల్లిగా లేచి కొంగు తల మీదికి లాక్కుంది.

“మళ్ళీ పిచ్చయ్యకే నిలిపారు” అంది.

అంతే. ముందు ఆడవాళ్ళు లేచారు, తరువాత మగవాళ్ళు, ఆ వెనక బ్యాండువాళ్ళు. ఎవరూ పరుగెత్తలేదు, ఎవరూ అరవలేదు. వెనక్కి వెనక్కి నడుచుకుంటూ గేటు దాటిపోయారు. “కోటమ్మత్తా” అని మామ పిలిచాడు. ఒక్కసారే. ఎవరూ పలకలేదు. పార్కులో ఖాళీ కుర్చీలు, నా చెయ్యి ఇంకా ఊపుతున్న ఆఫీసరు, మ్యూజియం తలుపులోంచి చూస్తున్న రాతి మనుషులు మిగిలారు. మామ నా వైపు తిరిగాడు. చిన్నప్పుడు గుమ్మంలో నిలబడి చూసిన చూపది.

“ఒరేయ్ నరసిమ్మా, ఇప్పుడు నన్ను మీసం పెంచమంటావా, చావమంటావా?”

“పెంచు మామా” అన్నాను.

పెంచాడు. అది మునుపటంత అయ్యేదాకా వీధి గడప దాటలేదు, నన్ను దాటనివ్వలేదు. చివరికి బయటికి వచ్చిన రోజున నేను చెరువులో మొలలోతు నీళ్ళలో నిలబడి, దోసెడు నీళ్ళు తీసుకుని, సూర్యుడి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఈ చేతులతో ఇక మనిషి ముఖం చెక్కను. బతికున్నవాడిది చెక్కను, పోయినవాడిది చెక్కను, ఎటో పోయి తిరిగి రానివాడిది అసలే చెక్కను. దేవుడి ముఖం కూడా చెక్కను, ఆయన ఎవరి పోలికతో వచ్చి నిలబడతాడో చెప్పలేం. ఆ తరువాత ఆ పార్కుకు నేను చెక్కి ఇచ్చినవన్నీ సింహాలే. ఇంతవరకు ఏ సింహం తాలూకు వాళ్ళూ కొబ్బరికాయ పట్టుకుని రాలేదు.